పిన్ని కువైట్‌లో సంపాదించింది, నేను అమెరికా వెళ్ళి కూర్చోవాలా?

ప్రశ్న: నాకు 29 ఏళ్ళు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, ఆరేళ్ళుగా హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీ క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. క్రితం ఏడాది పెళ్ళయింది. మావారు అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీ దగ్గర హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నన్ను హెచ్-4 (భార్యకిచ్చే వీసా) మీద తీసుకెళ్తానంటున్నారు. "రిజైన్ చేసెయ్, ఏడాదిలో ఈఏడీ (అక్కడ పనిచేసే అనుమతి కార్డు) వచ్చేస్తుంది" అంటారాయన. "ముందు వెళ్ళమ్మా, వెళ్ళాక చూసుకోవచ్చులే" అంటారు అత్తయ్యగారు. నాతో చదివిన అమ్మాయి నాలుగేళ్ళుగా టెక్సాస్‌లో ఖాళీగా ఉంది. చెల్లి పెళ్ళికి నాన్న చేసిన అప్పుకి నా జీతంలోంచి నెలకి 18 వేలు కడుతున్నాను, ఇంకా మూడేళ్ళు కట్టాలి. మా పిన్ని ఏడో తరగతి కూడా చదవలేదు. కువైట్‌లో పద్నాలుగేళ్ళు ఇంటిపని చేసి డాబా వేసింది, పిల్లలిద్దర్నీ చదివించింది. ఇంత చదివిన నేను అమెరికా వెళ్ళి ఒకరి జీతం మీద కూర్చోవాలా? వెళ్ళనంటే కాపురం వద్దంటున్నానని అనుకుంటారేమో. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: రాజీనామా మాత్రం ఇప్పుడే ఇవ్వకండి. వెళ్ళొద్దని నేను చెప్పడం లేదు. రాజీనామా వేరు, ప్రయాణం వేరు. మీ ఇంట్లో వాళ్ళు ఆ రెంటినీ ఒకే మూట కట్టేశారు. ముందు ఆ ముడి విప్పాలి.

మీ పిన్నిగారి సంగతి చదివాక చాలాసేపు ఉత్తరం పక్కన పెట్టేశాను. వలస వెళ్తే ఆడవాళ్ళ సంపాదన పెరుగుతుందా, తగ్గుతుందా అని పెద్దపెద్ద వాళ్ళు లెక్కలు వేస్తుంటారు. ఆ ప్రశ్నకి రెండు జవాబులూ మీ ఒక్క ఇంట్లోనే ఉన్నాయి. తేడా చదువులో లేదు, వీసాలో ఉంది. పిన్నిగారికి వీసా ఇచ్చిందే పని కోసం. పని లేకపోతే ఆవిడ ఆ దేశంలో ఉండటానికే వీల్లేదు. మీకు ఇవ్వబోయే వీసా భార్య అయినందుకు ఇచ్చేది. దాంతో దేశంలో ఉండొచ్చు, పని మాత్రం చెయ్యకూడదు.

అలాగని పిన్నిగారి బతుకు హాయిగా గడిచిందని అనుకోకండి, మీరూ అనుకోవడం లేదని తెలుసు. కోనసీమ, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి, కడప, రాయచోటి వైపు నుంచి ఖద్దామాలుగా, అంటే ఇంటిపనివాళ్ళుగా, వెళ్ళిన వాళ్ళని అడిగితే చెబుతారు. కఫీల్, అంటే వీసా ఇప్పించిన యజమాని, ఒప్పుకోకపోతే ఇల్లు మారడానికి లేదు. రోజుకి 12 గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి అని కువైట్ చట్టం చేసిందే 2015లో. అప్పటిదాకా కాగితం మీద ఆ మాట కూడా లేదు. ఆవిడ డబ్బు సంపాదించింది గానీ గడప దాటలేకపోయింది. మీరు రాలీలో ఎక్కడికైనా తిరగొచ్చు గానీ సంపాదించలేరు. ఆవిడ కాగితం సాహెబు చేతిలో ఉండేది, మీ కాగితం మీవారి ఉద్యోగానికి కట్టేసి ఉంటుంది. పోల్చడం కటువుగా ఉందని మీవారికి కోపం రావచ్చు. ఆయన మంచివారే కావచ్చు, నేను మాట్లాడుతున్నది వీసా గురించి.

పిన్నిగారు అక్కడ వంటింట్లో నిలబడబట్టి ఆ ఇంటావిడ ఆఫీసుకి వెళ్ళగలిగి ఉంటుంది. అమెరికాలో ఇదే సంగతిని పాట్రిసియా కోర్టెస్, హోసే టెస్సాడా అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కకట్టి 2011లో ప్రచురించారు. ఇంటిపనీ పిల్లల పనీ చేసే వలసకూలీలు ఎక్కువగా వచ్చిన ఊళ్ళలో, బాగా జీతాలొచ్చే ఆడవాళ్ళు, లాయర్లూ డాక్టర్లూ లాంటివాళ్ళు, ఇంకొంచెం ఎక్కువ గంటలు ఉద్యోగం చేస్తున్నారని తేలింది. సరే, మరి పిన్నిగారు కువైట్‌లో ఉన్నప్పుడు ఆవిడ పిల్లలకి అన్నం పెట్టిందెవరు? మీ ఉత్తరంలో రాయలేదు. మీ అమ్మమ్మగారో, మీ అమ్మగారో అయి ఉంటారు. వాళ్ళకి ఎవరూ జీతం ఇచ్చి ఉండరు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, రేపు మీరు రాలీ వెళ్ళి వంటా ఇల్లూ చూసుకుంటే, మీవారు రాత్రి పదింటిదాకా కాల్స్‌లో కూర్చోగలరు. ఆ జీతంలో మీ చెయ్యి ఉంటుంది. మీ 18 వేల విషయం మాట్లాడేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఇక అసలు విషయం. "ఏడాదిలో ఈఏడీ" అన్న మాట అబద్ధం కాకపోవచ్చు, నిజమూ కాకపోవచ్చు. అది ఒకే ఒక్క కాగితం మీద ఆధారపడి ఉంటుంది. దాని పేరు ఐ-140.

హెచ్-4 వాళ్ళకి పని అనుమతి మొదట్నుంచీ లేదు. ఒబామా హయాంలో నిబంధన మార్చారు, 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చింది. అదీ అందరికీ కాదు. భర్తకి గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసిన ఐ-140 అప్రూవ్ అయి ఉండాలి. లేదా గ్రీన్‌కార్డ్ పని నడుస్తూ ఉండటం వల్ల ఆయన హెచ్-1బిని ఆరేళ్ళు దాటాక కూడా పొడిగించి ఉండాలి. ఈ రెంటిలో ఒకటుంటేనే భార్య ఈఏడీకి అప్లై చెయ్యగలదు. అది కూడా అమెరికాలో అడుగుపెట్టి, హెచ్-4 స్టేటస్‌లో ఉన్నాకే.

కాబట్టి మీవారిని అడగాల్సింది "ఈఏడీ ఎప్పుడొస్తుంది" అని కాదు. "మీ కంపెనీ పెర్మ్ (ఐ-140కి ముందు లేబర్ శాఖ దగ్గర తీసుకోవాల్సిన అనుమతి) మొదలుపెట్టిందా? ఐ-140 అప్రూవ్ అయిందా? ఆ నోటీసు కాపీ నాకు పంపుతారా?" అని అడగండి. అప్రూవ్ అయి ఉంటే ఆయన చెప్పిన ఏడాది మాట నమ్మొచ్చు. వెళ్ళిన వారంలోనే ఫైల్ చెయ్యొచ్చు, కొన్ని నెలల్లో కార్డు చేతికొస్తుంది. పెర్మ్ ఇంకా మొదలే పెట్టకపోతే లెక్క వేరు. జీతం ఎంతుండాలో లేబర్ శాఖ తేల్చడం, ప్రకటనలు ఇవ్వడం, ఆ తర్వాత దరఖాస్తు పరిశీలన, ఇవన్నీ కలిపి ఈమధ్య రెండేళ్ళు సులువుగా పడుతోంది. ఐ-140ని డబ్బు కట్టి 15 పనిదినాల్లో తేల్చుకోవచ్చు గానీ, అది చివరి మెట్టు. దానిపైన ఈఏడీకి పట్టే నెలలు. అంటే మీరు సంపాదన లేకుండా ఉండేది సుమారు మూడేళ్ళు. మధ్యలో ఆయన కంపెనీ మారితే పెర్మ్ మళ్ళీ మొదటికి వస్తుంది. అయితే ఒకసారి అప్రూవ్ అయి 180 రోజులు దాటిన ఐ-140ని పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా, మీ ఈఏడీకి అది పనికొస్తుంది. కాబట్టి "ఇంకో 20 శాతం పెంచి ఇస్తామంటున్నారు, మారిపోనా?" అని ఆయన అడిగినప్పుడు, ఆ 20 శాతం పక్కన మీరు జీతం లేకుండా గడిపే సంవత్సరాలు కూడా పెట్టి చూడమనండి. మా వీధిలో చాలా ఇళ్ళలో ఆ లెక్క వెయ్యలేదు.

నేను 2008లో న్యూజెర్సీ వచ్చాను. విజయవాడలో అకౌంట్స్‌లో అయిదేళ్ళు పనిచేసి, "వెళ్ళాక చూసుకోవచ్చులే" అన్న మాటకే రాజీనామా ఇచ్చి వచ్చాను. మీ అత్తయ్యగారి వాక్యం చదివి నవ్వొచ్చింది, అక్షరం తేడా లేదు. ఆ చూసుకోవడానికి ఏడేళ్ళు పట్టింది. 2015లో ఈఏడీ కార్డు వచ్చాక ఇంటర్వ్యూకి వెళ్తే, "ఈ ఏడేళ్ళూ ఏం చేశారు?" అని అడిగారు. ఇద్దరు పిల్లల్ని పెంచాను, పనిచెయ్యకూడదన్నారు కాబట్టి చెయ్యలేదు అని చెప్పాను. ఎదురుగా ఉన్నాయనకి ఆ రెండో సంగతి అర్థం కాలేదు. అలాంటి చట్టం తన దేశంలో ఉందని ఆయనకే తెలియదు.

ఈ ఈఏడీ కూడా రాతి మీద గీత కాదు. 2015లోనే దాని మీద కోర్టుకెక్కారు. ఆ కేసు తొమ్మిదేళ్ళకి పైగా నడిచి, 2024లో అప్పీల్ కోర్టు నిబంధన చెల్లుతుందంది, 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. మధ్యలో ఒక ప్రభుత్వం దాన్ని తీసేస్తానని ప్రతిపాదించి, 2021లో ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఇప్పటికి ఉంది. కానీ 2025 అక్టోబరు 30 నుంచి ఇంకో మెలిక వచ్చింది. అంతకుముందు కార్డు గడువు తీరినా, రెన్యువల్ ఫైల్ చేసి ఉంటే చాలామంది కొంతకాలం పని కొనసాగించేవాళ్ళు. ఆ వెసులుబాటు తీసేశారు. కొత్త కార్డు రావడం ఆలస్యమైతే ఉద్యోగం ఆపుకుని ఇంట్లో కూర్చోవాల్సిందే. అందుకే గడువుకి 180 రోజుల ముందే, ఫైల్ చెయ్యనిచ్చే మొదటి రోజే పంపెయ్యాలి. ఈ తేదీ మీ ఫోన్‌లో ఉండాలి, మీవారి ఫోన్‌లో కాదు.

ఈ ఈఏడీ కార్డులు తీసుకున్నవాళ్ళలో పదికి తొమ్మిది మందికి పైగా భారతదేశంలో పుట్టినవాళ్ళే, ఎక్కువ మంది ఆడవాళ్ళే. కారణం తెలిసిందే. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి 1,40,000 ఉంటే, ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదన్న నియమం ఉంది. మన వాళ్ళ వరస పదేళ్ళు దాటి సాగుతోంది. అంతకాలం భార్యలు ఈ కార్డు మీదే ఆధారపడాల్సి వస్తోంది. ఎల్-1 (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా శాఖకి పంపే వీసా) మీద వెళ్ళిన వాళ్ళ భార్యలకి 2021 నవంబరు నుంచి వీసాతోనే పని హక్కు వచ్చేసింది, ప్రత్యేకం కార్డు అక్కర్లేదు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఎదురెదురు ఫ్లాట్లలో ఉండే ఇద్దరు తెలుగమ్మాయిల్లో ఒకావిడ ఉద్యోగానికి పోతుంది, ఇంకొకావిడ కిటికీ దగ్గర నిలబడుతుంది. మీ స్నేహితురాలు టెక్సాస్‌లో ఖాళీగా ఉండటం ఆమె చేతకానితనం అనుకోకండి. ఆమెకి ఈ వారం ఒక ఫోన్ చెయ్యండి. ఇలాంటప్పుడు "ఏం చేస్తున్నావు?" అని అడగని వాళ్ళ ఫోన్ కోసం ఎదురుచూస్తాం.

రాజీనామా ఎప్పుడు? వీసా స్టాంపింగ్ అయ్యి, పాస్‌పోర్టు చేతికొచ్చాక. ఈ ఒక్కటీ ఎవరు చెప్పినా మార్చుకోకండి. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తున్నారు. అది మొదలయ్యాక మన దేశంలో ఎంతోమంది ఇంటర్వ్యూ తేదీలు నెలల తరబడి వెనక్కి జరిగాయి. అప్పటికే నోటీసు పీరియడ్ పూర్తి చేసేసి, అటూ ఇటూ కాకుండా పుట్టింట్లో కూర్చున్న వాళ్ళు ఉన్నారు. ముందు మీ హెచ్‌ఆర్‌ని జీతం లేని సెలవు ఎన్నాళ్ళు ఇస్తారో అడగండి. మూడు నెలలు ఇచ్చినా చాలు, హెచ్-4 మీద వెళ్ళి, ఉండి, చూసి, తిరిగి రావచ్చు. హెచ్-4 మీద వెళ్ళినంత మాత్రాన అక్కడే ఉండిపోవాలని లేదు. ఐ-140 ఇంకా దూరమైతే, మీరిక్కడ ఉద్యోగం చేస్తూ ఏడాదికోసారి వెళ్ళిరావడం, ఆయన ఇంకోసారి రావడం కూడా కాపురమే. ఆ మాట మీ అత్తయ్యగారికి మీవారే చెప్పాలి, మీరు కాదు.

తప్పక వదలాల్సి వస్తే పీఎఫ్ మొత్తం లాగేసుకోకండి. మీకు ఆరేళ్ళ సర్వీసు ఉంది. పెన్షన్‌కి పదేళ్ళు కావాలి. స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని ఉంచుకుంటే, ఎప్పుడైనా తిరిగొచ్చి మళ్ళీ చేరినప్పుడు ఆ ఆరూ లెక్కలోకి వస్తాయి. విమానం టికెట్టుకి పీఎఫ్ తీసిన వాళ్ళని చూశాను, ఆ టికెట్ కొనాల్సింది రమ్మన్నవాళ్ళు.

అక్కడికి వెళ్ళాక ఏం చెయ్యొచ్చు అన్నది కూడా చెప్పాలి. మీరు వెళ్ళేది మంచి చోటికే. రాలీ, డరమ్ మధ్య రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్ అని ఉంది. ఆ చుట్టుపక్కల మందుల కంపెనీలు చాలా ఉన్నాయి. హెచ్‌పీఎల్‌సీ (మందుల్ని పరీక్షించే యంత్రం) మీద ఆరేళ్ళు చెయ్యి తిరిగిన మనిషికి కార్డు ఉంటే అక్కడ పని దొరక్కపోదు. కార్డు లేకుండా దారులు రెండు. ఒకటి మీ పేరు మీదే హెచ్-1బి. హెచ్-4లో గడిపిన కాలం మీ ఆరేళ్ళ హెచ్-1బి లెక్కలో తగ్గదు, అది మీకు మంచిదే. కాకపోతే మార్చిలో లాటరీ, అక్టోబరులో ఉద్యోగం. ఇక్కడ హైదరాబాద్‌లో కూర్చుని స్పాన్సర్‌ని వెతకడం మాత్రం ఇప్పుడు దాదాపు మూసుకుపోయిన తలుపు. దేశం బయట ఉన్నవాళ్ళ కొత్త దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము అని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. అమెరికా వెళ్ళాక మాత్రం, విశ్వవిద్యాలయాలకి లాటరీ అవసరం లేదు కాబట్టి, వాటి ల్యాబుల్లో ప్రయత్నించొచ్చు. రెండోది చదువు. హెచ్-4 మీద ఉండి కూడా చదువుకోవచ్చు గానీ, చదువయ్యాక పనిచెయ్యడానికిచ్చే ఓపీటీ అనే అనుమతి కావాలంటే ఎఫ్-1 (విద్యార్థి వీసా)కి మారాలి. సైన్స్ చదువులకి మూడేళ్ళదాకా పని అనుమతి వస్తుంది. ఫీజు భారం కూడా అంతే ఉంటుంది. ఇంకా తీరని అప్పు మీద ఇంకో అప్పు పెట్టుకోమని నేను చెప్పలేను.

ఒకటి మాత్రం వద్దు. వెళ్ళగానే ఎవరో ఒకరు చెబుతారు, "క్యాష్ ఇస్తాంలే, మా పాపని చూసుకో", "వాట్సాప్‌లో చీరలు అమ్ముకో", "పచ్చళ్ళు పెట్టి అమ్ము, ఎవరు చూస్తారు" అని. హైదరాబాద్ కంపెనీ పనే లాప్‌టాప్‌లో చేస్తే తప్పేంటి అంటారు ఇంకొందరు. ల్యాబ్ పని లాప్‌టాప్‌లో ఎలాగూ కుదరదు, కానీ డాక్యుమెంటేషన్ పని ఇస్తామనొచ్చు. లాయర్‌ని అడగకుండా ఒక్క డాలరు, ఒక్క రూపాయి పని కూడా ఒప్పుకోకండి. రేపు గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో అది మీ మెడకే చుట్టుకుంటుంది, చీర కొన్నావిడ మెడకి కాదు.

కారు నడపడం ఇక్కడే బాగా నేర్చుకుని వెళ్ళండి, అక్కడ కొత్తగా నేర్చుకున్నా సరే, మొదటి నెలలోనే లైసెన్సు తీసుకోండి. రాలీ వైపు కారు లేకపోతే ఉప్పు ప్యాకెట్‌కి కూడా మీవారు సాయంత్రం రావాలి. పనిచేసే అనుమతి లేనిదే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు గానీ, బ్యాంకు ఖాతాలో మీ పేరు చేర్చొచ్చు. మొదటి వారంలోనే జాయింట్ ఖాతా తెరవండి. పాస్‌పోర్టు, ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ఇచ్చే రికార్డు), ఆయన హెచ్-1బి అప్రూవల్ కాపీలు మీ ఈమెయిల్‌లోనూ ఉండాలి. ఆయన ఉద్యోగం పోతే మీ ఇద్దరికీ ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు, అప్పుడు కాగితాలు వెతుక్కోకూడదు. మీకు అవసరం పడకపోవచ్చు గానీ ఈ కాలమ్ చదివే ఇంకెవరికైనా ఉపయోగం కాబట్టి రాస్తున్నాను: హెచ్-1బి భర్త చేతిలో హింస పడుతున్న భార్యలకి విడిగా పని అనుమతి కోరే దారి చట్టంలో ఉంది. దాని ఫారం ఐ-765వి. ఐ-140తో దానికి సంబంధం లేదు.

చివరికి ఆ 18 వేలు. మీరు ఉత్తరంలో దాన్ని మధ్యలో ఎక్కడో చెప్పి ముందుకెళ్ళిపోయారు. నాకైతే అసలు భయం అదే అనిపించింది. ఉద్యోగం పోతుందని కాదు, నాన్న అప్పు కోసం భర్త ముందు చెయ్యి చాపాల్సి వస్తుందని. పెళ్ళికి ముందు మీ జీతం మీ ఇంటికి ఎలా వెళ్ళేదో, మీరు ఆయన కోసం ఆ జీతం వదులుకుంటే ఆ మూడేళ్ళ వాయిదా కూడా అలాగే వెళ్ళాలి. బయల్దేరకముందే ఈ మాట ఆయనతో మాట్లాడండి. "ఇస్తారా?" అని అడగొద్దు. "ఫలానా తేదీన నా ఖాతాకి ఇంత పంపాలి, నేను అక్కణ్ణుంచి కడతాను" అని చెప్పండి. ఆయన కాస్త తటపటాయిస్తే మంచిదే, ఆ తటపటాయింపు హైదరాబాద్‌లో ఉండగానే చూసేస్తారు.

పిన్నిగారు ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నారా? ఉంటే, ఈ ఆదివారం వెళ్ళి ఆవిడని కూడా అడగండి. పద్నాలుగేళ్ళు డబ్బు పంపిన మనిషి, పంపించడం ఆగిపోయిన నెలలో ఏమయిందో మీకు బాగా చెప్పగలదు. ఐ-140 సంగతి మీవారు ఏమన్నారో తెలిశాక నాకు మళ్ళీ రాయండి.